నాకు తట్టింది: కొత్త ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది?

కొత్త ఆలోచన గురించి చెప్పేటప్పుడు తెలుగులో మనం వాడే క్రియలను వరుసగా పెట్టి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. నాకు తట్టింది, నాకు తోచింది, నాకు స్ఫురించింది, బుర్రలో మెరిసింది, మనసులో మెదిలింది అంటాం. వీటిలో ఏ వాక్యంలోనూ 'నేను' కర్త స్థానంలో లేదు. ఆలోచనే కర్త, మనిషి అది వచ్చి వాలిన చోటు మాత్రమే. ఉత్తరం రాశాను, గోడ కట్టాను అన్నట్టుగా 'ఉపాయం తట్టాను' అనలేం. 'ఆలోచించాను' అనవచ్చు గాని, ఆలోచించడం వేరు, తట్టడం వేరు అని ఈ భాష మాట్లాడేవారందరికీ తెలుసు. మూడు రోజులు ఆలోచించినా ఏమీ తట్టలేదని వాపోని మనిషి ఉండడు.

ఆ క్షణం మనకు ఎలా అనిపిస్తుందో భాష సరిగ్గానే పట్టుకుంది. అయితే ఆ క్షణానికి ముందు ఏం జరిగిందో ఈ క్రియలు చెప్పవు. ఆ చెప్పనితనం నుంచే రెండు నమ్మకాలు బలపడ్డాయి: కొత్త ఆలోచన కొందరికి పుట్టుకతో దక్కే వరమని ఒకటి, అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదని మరొకటి. ఈ రెండూ సగం నిజాలు. తట్టే క్షణం మన అదుపులో లేకపోవచ్చు. కాని ఆ తట్టేది వచ్చి కూర్చోవలసిన ఖాళీని తయారు చేసుకోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది. ఇక్కడ ఖాళీ అంటే తీరిక సమయమని నా ఉద్దేశం కాదు. మూత పోయిన సీసా మూతికి ఒక ఆకారం ఉంటుంది. ఏ మూత పడుతుందో, ఏది పడదో ఆ ఆకారమే తేల్చేస్తుంది. అంత కచ్చితమైన ఖాళీ గురించి చెబుతున్నాను.

ఆసు ముందు కూర్చున్న తల్లి

దీనికి మన కళ్ళముందు ఉన్న మంచి ఉదాహరణ చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేట ఆయన ఊరు. పోచంపల్లి ఇక్కత్ చీరలో బొమ్మ నేతలో పుట్టదు, నేతకు ముందే దారం మీద రంగుల మచ్చలుగా ఏర్పడుతుంది. ఆ రంగు ఎక్కడ అంటాలో, ఎక్కడ అంటకూడదో గుర్తించి కట్లు కట్టాలంటే ముందు దారాన్ని ఒక పద్ధతిలో పేర్చాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక పక్క ఒక మేకు, దానికి ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చట్రం ముందు కూర్చుని, దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ ఒక్కొక్క మేకుకు చుట్టుకుంటూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇలా ఆడాలని లెక్క చెబుతారు. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళదే. మల్లేశం గారి తల్లి లక్ష్మి గారికి భుజం నొప్పి పట్టుకున్నది ఈ పనితోనే.

బడి చదువు మధ్యలో ఆగిపోయి మగ్గం పనిలోకి వచ్చిన ఆ యువకుడు 1992లో ఆసు పోసే యంత్రం చేయడానికి పూనుకున్నారు. అది పూర్తయింది 1999లో. ఆ ఏడేళ్ళలో ఆయన పెద్ద చిక్కును చిన్న చిక్కులుగా విడదీసుకుంటూ వచ్చారు: చేయి ముందుకు వెనక్కు పోయే కదలిక ఒకటి, ఒక మేకు నుంచి పక్క మేకుకు జరగడం ఒకటి, దారాన్ని మేకు చుట్టూ తిప్పడం ఒకటి. కొన్ని తేలాయి, ఒకటి తేలలేదు. డబ్బు అయిపోయింది, అప్పులయ్యాయి, ఊళ్ళో నవ్వినవారూ ఉన్నారు. హైదరాబాదు వచ్చి విద్యుత్ పనుల్లో చేరారు. 1999లో బాలానగర్‌లో ఒక చోట పనికి వెళ్ళినప్పుడు అక్కడ ఆడుతున్న ఒక యంత్రంలోని కదలిక ఆయన కంట పడింది. తన చట్రంలో ఇంతకాలం లేనిది అదే. ఆ తర్వాత తయారైన యంత్రానికి తల్లి పేరే పెట్టారు. గంటల తరబడి పట్టే చీర ఆసు దాంతో గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ కథను చాలామంది పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. అది నిజమే గాని, నాకు దీనిలో ఆసక్తి కలిగించేది వేరే. బాలానగర్ పారిశ్రామిక వాడలో ఆ కదలికను ఎన్ని వందల మంది రోజూ చూసి ఉంటారు! ఆ యంత్రం నడిపేవాడు మల్లేశం గారికంటే వేయి రెట్లు ఎక్కువసార్లు చూసి ఉంటాడు. వాళ్ళకు అది ఒక యంత్రం ఆడుతున్న తీరు. ఆయనకు మాత్రం అది జవాబు, ఎందుకంటే ఆయన దగ్గర ఆ ఆకారంలోనే ఒక ప్రశ్న ఉంది. 1992లోనే ఆయన బాలానగర్ వెళ్ళి ఆ యంత్రాన్ని చూసి ఉంటే ఏమయ్యేది? బహుశా ఏమీ అయ్యేది కాదు. అప్పటికి ఆయన ప్రశ్న 'అమ్మ భుజం నొప్పి ఎలా పోతుంది' అన్నంత విశాలంగా ఉంది. మిగతా చిక్కులన్నీ తీరి, ఒకే ఒక కదలిక తక్కువ కావడం వల్ల ప్రశ్న సన్నబడింది. ఓడిపోయిన ప్రయత్నాలన్నీ చేసిన పని ఇదే: ఖాళీ అంచులను చెక్కడం. తెలంగాణలో ఇలా ఒక విషయాన్ని విడవకుండా మనసులో మోసుకు తిరగడాన్ని రంధి అంటారు. ఆ మాటను కాస్త దిగులుతో కలిపే వాడతారు గాని, ఇంత సరిగ్గా అతికే మాట నాకు మరొకటి దొరకలేదు.

మెరుపు కథలను ఎంతవరకు నమ్మాలి

ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఆన్రీ పాంకరే తన అనుభవాన్ని 1908లో వివరంగా చెప్పాడు. ఒక రకమైన ప్రమేయాల మీద పదిహేను రోజులు రోజూ బల్ల ముందు కూర్చుని కుస్తీ పట్టాడు. ఒక రాత్రి అలవాటు లేని కాఫీ తాగి నిద్ర పట్టక పడుకుంటే, ఆలోచనలు ఒకదానితో ఒకటి ఢీకొని, రెండు రెండుగా అతుక్కున్నట్టు అనిపించిందట. తెల్లవారేసరికి ఒక ముక్క తేలింది. తర్వాత భూగర్భ పరిశోధన యాత్ర ఒకటి పడి గణితం పక్కకు పోయింది. కూతాన్స్ అనే ఊళ్ళో గుర్రపు బండి ఎక్కబోతూ మెట్టు మీద కాలు పెట్టిన క్షణాన, తాను వాడిన రూపాంతరాలు యూక్లిడేతర జ్యామితిలోనివేనని తట్టింది. అప్పుడు ఆయన ఆ సంగతి గురించి ఆలోచించడమే లేదు. బండెక్కి కూర్చుని ఇతరులతో మాట్లాడుతూనే ఉన్నాడు, సరిచూసుకోలేదు. కాని నూటికి నూరుపాళ్ళు నమ్మకం కలిగింది. తీరిగ్గా కాన్ నగరానికి తిరిగివచ్చాక సరిచూసుకున్నాడు.

బండి మెట్టు అందరికీ గుర్తుండిపోయింది. పదిహేను రోజుల బల్ల గుర్తుండలేదు. అది లేకుండా ఇది లేదని పాంకరే స్వయంగా చెప్పాడు. 1926లో ఇంగ్లండు పండితుడు గ్రాహం వాలస్ ఈ అనుభవాన్నీ, ఇలాంటి మరికొన్నింటినీ పరిశీలించి సన్నాహం, నానడం, మెరుపు, సరిచూడటం అనే నాలుగు దశలు చెప్పాడు. నూరేళ్ళవుతున్నా ఆ విభజన పూర్తిగా పాతబడలేదు గాని, అసలు జీవితంలో ఈ దశలు బడి గంటల్లా ఒకదాని వెనక ఒకటి రావు. ఒక చిక్కు నానుతుండగా మరొకదానికి సన్నాహం జరుగుతూ ఉంటుంది.

మెరుపు కథల్లో కొన్నింటిని అనుమానంతోనే వినాలి. బెంజీన్ అణువు వలయాకారంలో ఉంటుందన్న ఊహ, తన తోకను తానే కరుచుకున్న పాము కలలో కనిపించగా వచ్చిందని జర్మన్ రసాయన శాస్త్రవేత్త కెకూలే చెప్పింది 1890లో, అంటే ఆ సిద్ధాంతం వెలువడిన పాతికేళ్ళకు, తనకు జరిగిన సన్మాన సభలో. స్నానాల తొట్టిలోంచి లేచి పరుగెత్తిన ఆర్కిమెడీస్ కథ మనకు దక్కింది ఆయన పోయిన రెండు శతాబ్దాల తర్వాత రాసిన ఒక వాస్తు గ్రంథం ద్వారా. ఇవి అబద్ధాలని నేను అనడం లేదు. కాని జ్ఞాపకం కూడా కథకుడే. మధ్యలోని చిత్తు కాగితాలన్నీ చించేసి, చివరి మెట్టును మాత్రం దీపం పెట్టి చూపిస్తుంది.

ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో అది వచ్చిన మనిషికే తెలియకపోవచ్చునని 1931లో నార్మన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చూపింది. గదిలో పైకప్పు నుంచి రెండు తాళ్ళు వేలాడుతుంటాయి. ఒకదాన్ని పట్టుకుని నిలబడితే రెండోది అందదు. రెంటినీ కలిపి ముడి వేయాలి. ఒక తాడు కొసకు పట్టకారు వంటి బరువు కట్టి లోలకంలా ఊపి, అది ఇటు వచ్చినప్పుడు పట్టుకోవడం ఒక ఉపాయం. అది తట్టక నిలబడిపోయిన వారి ముందు నుంచి మేయర్ ఏమీ ఎరగనట్టు నడుస్తూ, ఒక తాడుకు భుజం తగిలించి అది కాస్త ఊగేలా చేసేవాడు. కొద్దిసేపటికే చాలామందికి ఉపాయం తట్టింది. ఎలా తట్టిందని అడిగితే, ఊగిన తాడు సంగతి ఎక్కువమంది చెప్పనే లేదు. వారిలో ఒక మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు, కొమ్మలు పట్టుకుని ఊగుతూ నది దాటే కోతులు తన మనసులో కదిలాయని చెప్పాడు! ఎంత సొగసైన వివరణో చూడండి. మహానుభావుల ఆత్మకథల్లో కనిపించే కోతులెన్నో, వారు గమనించని తాళ్ళెన్నో ఎవరు చెప్పగలరు?

సరుకు, దొంగతనం

ఈ ప్రశ్నను మన అలంకారికులు, అంటే సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసినవారు, చాలా ముందుగానే చర్చించారు. కావ్యానికి కారణం ఏమిటన్న దగ్గర దండి పుట్టుకతో వచ్చిన ప్రతిభ, నిర్మలమైన విస్తృత పాండిత్యం, ఎడతెగని సాధన అని మూడు చెప్పాడు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అన్నాడు, పైగా మూడూ విడివిడి కారణాలు కావు, కలిసి ఒకే కారణమని నొక్కి చెప్పాడు. జగన్నాథ పండితుడు మాత్రం ప్రతిభ ఒక్కటే చాలన్నాడు. కొత్త కొత్త మెరుపులు మెరిసే ప్రజ్ఞకే ప్రతిభ అని పేరని భట్టతౌతుడు చెప్పిన నిర్వచనాన్ని సంస్కృతం చదివినవారు ఇప్పటికీ వల్లిస్తారు. నా మొగ్గు మమ్మటుడి వైపే. ప్రతిభ ఎంతున్నా కలపడానికి సరుకు లేకపోతే అది దేన్ని కలుపుతుంది?

సరుకు ఒకటే అయినప్పుడు ఆలోచన కూడా ఒకటే కావచ్చుననడానికి ప్రకృతి శాస్త్రవేత్తలు డార్విన్, వాలెస్‌ల కంటే మంచి ఆధారం లేదు. జనాభా పెరుగుదల మీద మాల్థస్ రాసిన గ్రంథాన్ని డార్విన్ 1838లో చదివాడు. వాలెస్ అదే గ్రంథాన్ని ఎప్పుడో చదివి, 1858లో తూర్పు ఇండోనేషియా దీవుల్లో జ్వరంతో పడుకుని ఉండగా గుర్తు చేసుకున్నాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి దేశదేశాల జీవజాతులను పరిశీలించినవారే, ఇద్దరూ జాతులు ఎలా మారతాయన్న ప్రశ్నను మోస్తున్నవారే. ఇద్దరికీ ప్రకృతి వరణమే తట్టింది.

తొమ్మిది, పది శతాబ్దాల సంధిలో కావ్యమీమాంస రాసిన రాజశేఖరుడు ఈ విషయంలో మొహమాటం లేనివాడు. దొంగ కాని కవి లేడు, దొంగ కాని వర్తకుడు లేడని తేల్చేసి, దాచుకోవడం చేతనైనవాడే నిందపడకుండా రాణిస్తాడన్నాడు. ఏది ఎంతవరకు తీసుకోవచ్చో, ఎలా మార్చి తీసుకుంటే అది సొంతమవుతుందో ఆయన అధ్యాయాలకు అధ్యాయాలు విభజించి చూపాడు. దూరపు రంగం నుంచి తెచ్చుకున్నది దొంగతనంలా కూడా కనిపించదు: బాలానగర్ యంత్రంలోని కదలిక మగ్గం గుడిసెకు వచ్చేసరికి అది ఆవిష్కరణ అయింది. అందువల్ల తన రంగంలో లోతుగా చదవడంతో పాటు, తనకు సంబంధం లేని పనులు జరిగే చోట్ల కాసేపు నిలబడి చూసే అలవాటు అవసరం. వడ్రంగి కొట్టం, కమ్మరి కొలిమి, వంటవాళ్ళ పందిరి, బైకులు బాగుచేసే షెడ్డు ఏదైనా సరే.

ఏనుగులను దోమ గొంతులోకి తోలడం

సృజనకు స్వేచ్ఛ కావాలని, కట్టుబాట్లు దాన్ని చంపేస్తాయని ఒక అభిప్రాయం బాగా వ్యాపించింది. తెలుగువారి అవధానం దీనికి ఎదురు సాక్ష్యం. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ప్రజల్లోకి తెచ్చిన ఈ విద్యలో పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, చేసే పనల్లా అవధాని దారి మూయడమే. దానిలోని సమస్యాపూరణాన్ని, అంటే అర్థం లేనట్టు కనిపించే పాదం ఇస్తే దాన్ని అర్థవంతమైన పద్యంగా పూరించడాన్ని, దగ్గరగా చూస్తే ఆలోచన పుట్టే తీరు కళ్ళకు కడుతుంది.

తెనాలి రామకృష్ణుడి పేరుతో ప్రచారంలో ఉన్న చాటువుల్లో 'కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్' అన్న సమస్య అందరూ విన్నదే. ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది. దీన్ని అర్థవంతం చేయాలి. ఎంతసేపు కూర్చున్నా ఏనుగును చిన్నది చేయలేం, దోమను పెద్దది చేయలేం. అయితే ఇది కంద పద్యం, కాబట్టి నాలుగు పాదాల్లోనూ ప్రాస కలవాలి. చివరి పాదంలో రెండో స్థానాన 'ంజ' ఉంది గనుక పై మూడు పాదాల్లోనూ అదే రావాలి. కవి ఇప్పుడు ఏనుగును వదిలి ప్రాసను వెతకాలి. రంజన, భంజన, అంజన, మంజరి, పుంజము, గుంజ, సంజయ. ఆగండి, సంజయ! ఆ పేరు రాగానే దాని వెంట ధృతరాష్ట్రుడు వస్తాడు, భారతం మొత్తం వస్తుంది, అంతటి పాండవులు విరాటుని కొలువులో తలదాచుకోవడం వస్తుంది. ఏనుగులెవరో, దోమ ఎవరో ఇప్పుడు తెలిసిపోయింది. 'సంజయ! యేమని చెప్పుదు, కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్' అని పద్యం ముగుస్తుంది.

కవి మనసులో సరిగ్గా ఇదే క్రమంలో జరిగిందని రుజువు చేయలేను; పైన చెప్పిన కోతుల ఆచార్యుడిలాగే నేనూ ఒక కథ అల్లుతూ ఉండవచ్చు. కాని ప్రాసతో కుస్తీ పట్టిన ఎవరిని అడిగినా, అర్థం తోచక ముందే మాట దొరకడం, ఆ మాట అర్థాన్ని లాక్కురావడం తమకు అనుభవమేనని చెబుతారు. అదే చాటుకథలో కవి కోపంతో చెప్పిన మొదటి పూరణం 'గంజాయి'తో మొదలు కావడం కూడా ఈ ప్రాస చలవే. కట్టుబాటు చేసిన మేలు ఇది: అందరూ పోయే దారి మూసేసి, కవి తనంతట తాను ఎన్నడూ వెతకని మూలకు నెట్టింది. నిషిద్ధాక్షరిలో ఈ సూత్రం మరీ నగ్నంగా కనిపిస్తుంది. అవధాని తర్వాత ఏ అక్షరం వేయబోతాడో పృచ్ఛకుడు ఊహించి దాన్నే నిషేధిస్తాడు. అంటే మొదట తోచేదాన్ని మొదటే కొట్టివేయడం అక్కడ ఆట నియమం.

అవధానంలో మరో సంగతి ఉంది, దాని మీద ఎక్కువ చర్చ జరిగినట్టు నాకు కనిపించలేదు. ఒక పృచ్ఛకుడికి పద్యం మొత్తం ఒకేసారి చెప్పరు; మొదటి ఆవృత్తిలో, అంటే మొదటి చుట్టులో, ఒక పాదం చెప్పి, తక్కిన పృచ్ఛకులందరి దగ్గరికీ పోయి, మళ్ళీ రెండో ఆవృత్తిలో రెండో పాదానికి వస్తారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ఏదో వెటకారపు ప్రశ్న వేసి మనసు చెదరగొడతాడు. చూసేవారికి ఇది ధారణ శక్తికి పరీక్ష. కాని ఒక సమస్యను పట్టుకుని, కొంతదూరం పోయి, బలవంతంగా వదిలేసి, మళ్ళీ పట్టుకోవడం అన్న క్రమం సమస్యకే మేలు చేస్తుందేమోనని నా అనుమానం.

వదిలేయడం ఎప్పుడు, ఎలా

ఈ అనుమానానికి ప్రయోగాల బలం కొంత ఉంది. చిక్కును కొంతసేపు పక్కన పెట్టడం వల్ల ప్రయోజనం ఉందా అన్న విషయం మీద జరిగిన 117 అధ్యయనాలను సియో, ఓర్మెరాడ్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో కలిపి విశ్లేషించారు. ప్రయోజనం ఉందనే తేలింది. మాటలతో ముడిపడిన చిక్కుల విషయంలోనైతే, విరామంలో ఊరికే కూర్చోవడం కంటే, బుర్రకు పెద్దగా బరువు పెట్టని పని ఏదైనా చేయడం ఎక్కువ మేలు చేస్తుందని కూడా తేలింది. అంట్లు తోముతున్నప్పుడు, కూర తరుగుతున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు ఏదో స్ఫురించిందని ఇళ్ళలో వినబడే మాట ఉత్తమాట కాదన్నమాట. నడక మీద స్టాన్‌ఫర్డ్‌లో జరిగి 2014లో వెలువడిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు ఎక్కువ ఊహలు వచ్చాయి. గోడ వైపు తిరిగి ట్రెడ్‌మిల్ మీద నడిచినా వచ్చాయి. అయితే ఒకే కచ్చితమైన జవాబు ఉన్న చిక్కులకు నడక అలా సాయపడలేదు.

కునుకు సంగతి మరీ విచిత్రం. 2021లో పారిస్ పరిశోధకులు 103 మందికి అంకెల లెక్కలు ఇచ్చారు. వాటిని క్షణంలో తేల్చే ఒక రహస్య సూత్రం ఉంది గాని, అది వారికి చెప్పలేదు. మధ్యలో 20 నిమిషాలు చీకటి గదిలో చేతిలో ఒక వస్తువు పట్టుకుని కళ్ళు మూసుకోమన్నారు. పట్టు తప్పేంత నిద్ర వస్తే వస్తువు కింద పడి మెలకువ వస్తుంది. నిద్ర మొదటి అంచులో కనీసం 15 సెకన్లు గడిపి వెనక్కు వచ్చినవారిలో 83 శాతం ఆ సూత్రాన్ని పట్టుకున్నారు. మేలుకునే ఉన్నవారిలో 30 శాతం, ఇంకాస్త లోతు నిద్రలోకి జారినవారిలో 14 శాతం మాత్రమే పట్టుకోగలిగారు. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు. అయినా తెల్లవారుజామున మనసు తేటగా ఉండి అర్థాలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయని రాజశేఖరుడు చెప్పిన మాట గుర్తు రాక మానదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ 103 మందీ ముందు లెక్కలు చేసి అలసినవారే. మినప్పప్పు నానాలంటే గిన్నెలో ముందు పప్పు ఉండాలి. పని మొదలుపెట్టకుండానే నడకకు బయలుదేరి, దాన్ని నానబెట్టడమని పిలుచుకునే అలవాటు రాసేవారిలో ఉంది. నాకూ ఉంది కాబట్టి చెబుతున్నాను. ఎప్పుడు వదిలేయాలన్నదానికి నేను పాటించే గుర్తు ఒకటే: ఎక్కడ ఇరుక్కున్నానో ఒక వాక్యంలో రాయగలిగినప్పుడు లేవవచ్చు. ఆ వాక్యం రాకపోతే ఇంకా ఇరుక్కోలేదన్నమాట.

ఇక ఎడమ మెదడు లెక్కలకు, కుడి మెదడు కళలకు అని ప్రచారంలో ఉన్న మాటను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు. 2013లో వెయ్యికి పైగా మెదళ్ళ చిత్రాలను పరిశీలించినప్పుడు, మనుషులు కుడి మెదడువారుగా, ఎడమ మెదడువారుగా విడిపోయినట్టు ఆధారం దొరకలేదు.

కొబ్బరి చిప్పతో ఒక పరీక్ష

కొబ్బరి చిప్పను ఎన్ని విధాలుగా వాడవచ్చో రాయండి. మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇటుకతోనో, కాగితపు క్లిప్పుతోనో చేసే పరీక్షకు ఇది మన ఇంటి రూపం. నేను కాగితం తీసుకుని కూర్చుంటే ముందుగా వచ్చినవి గరిటె, పొయ్యిలోకి వంటచెరకు, ఉప్పు వేసుకునే గిన్నె, మొక్క నాటే కుండీ. ఇవి అందరికీ వచ్చేవే. తర్వాత రబ్బరు చెట్టుకు కట్టి పాలు పట్టే చిప్ప వచ్చింది, అది ఎక్కడో చూసింది. ఆపైన కలం ఆగిపోయింది. ఆగిపోయిన చోట లేవకుండా కూర్చుంటే రేడియో నాటకాల్లో రెండు చిప్పలు కొట్టి గుర్రపు డెక్కల చప్పుడు పుట్టించడం గుర్తొచ్చింది. అక్కడ చిప్ప గిన్నె కావడం మానేసి శబ్దమైంది. ఆ తర్వాత అడుగున సన్నని బెజ్జం పెట్టి నీటిలో వదిలితే నిండి మునిగే వేళను బట్టి కాలం కొలవచ్చునని తోచింది. పూర్వం రాగి గిన్నెతో చేసిన ఘటికా యంత్రం అదే, 24 నిమిషాల గడియ దాని నుంచి లెక్కకు వచ్చిందే. ఇప్పుడు చిప్ప గడియారమైంది.

జాబితాలో వెనక వచ్చేవి ముందు వచ్చినవాటి కంటే అరుదైనవిగా ఉంటాయని దశాబ్దాలుగా జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. ఊహలు ఎండిపోతున్నట్టు మనకు అనిపించడం, నాణ్యత నిజంగా తగ్గడం ఒకటి కావు. చాలామంది అలా అనిపించిన చోటనే కలం మూసేస్తారు. ఆఫీసుల్లో జరిగే మేధోమథన సమావేశాల్లో కూడా జరిగేది దాదాపు ఇదే. నలుగురు కలిసి కూర్చుంటే ఆలోచనలు పుంఖానుపుంఖంగా వస్తాయని 1950ల నాటికి అమెరికాలో గట్టిగా ప్రచారమైంది. 1958లోనే యేల్ విశ్వవిద్యాలయంలో పోల్చి చూస్తే, విడివిడిగా కూర్చుని రాసిన నలుగురి జాబితాలు కలిపినప్పుడు, కలిసి కూర్చున్న నలుగురి కంటే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు వినాలి, వింటూ తమది మరచిపోతారు. ముందు ఎవరికి వారు కాగితం మీద రాసుకుని, తర్వాత కలవడం మేలు. ఇంత తేలిక మార్పును ఆరు దశాబ్దాలుగా ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. బహుశా సమావేశంలో మాట్లాడటం పనిచేసినట్టు కనిపిస్తుంది, మౌనంగా రాసుకోవడం కనిపించదు.

ఫలితం అడ్డం తిరిగినప్పుడు

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధక బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. రక్తం తయారీకి అవసరమైన ఆ విటమిన్ తరగతి పదార్థాలను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. వైద్యంగా అది అపజయమే. కాని ఈ పదార్థం రోగ కణాలకు మేతవుతున్నట్లయితే, దీనిలాగే ఉండి దీని పని చేయని పదార్థంతో వాటిని మోసగించవచ్చు గదా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. సుబ్బారావు గారి బృందం దగ్గర అటువంటి ప్రతిపదార్థాలు సిద్ధమవుతున్నాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లలకు చికిత్స చేస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కు తగ్గిందని 1948లో వెల్లడించారు. క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న నమ్మకానికి అది తొలి మెట్లలో ఒకటి. ఫలితం తలకిందులుగా వచ్చినప్పుడు దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, ప్రశ్ననే తలకిందులు చేసి చదవడం ఇక్కడి ఉపాయం. ఆ చదివిన దానికి తగిన సరుకు అప్పటికే మరొకరి అలమరలో ఉండటం దాని అదృష్టం. ఆ అదృష్టం వెనక కూడా ఏళ్ళ పని ఉంది.

తట్టినది సరైనదేనన్న గట్టి నమ్మకం మెరుపుతో పాటే వస్తుంది. తప్పు ఆలోచన కూడా అంతే నమ్మకంతో వస్తుంది. ఆ నమ్మకం తనను ఒకోసారి మోసగించిందని పాంకరే ఒప్పుకున్నాడు. అందుకే పుట్టించే వేళనూ, తూకం వేసే వేళనూ వేరుగా ఉంచాలి. రెండూ ఒకేసారి చేయబోతే మొదటి వాక్యం రాకముందే దాన్ని కొట్టేస్తాం. రాజశేఖరుడు కవికి దినచర్య రాసిచ్చినప్పుడు ఈ జాగ్రత్తే తీసుకున్నాడు: మొదటి జాములో చదువు, రెండో జాములో రచన, భోజనం తర్వాత కావ్యగోష్ఠి, నాలుగో జాములో పొద్దుట రాసిన దాన్ని ఒంటరిగానో, కొద్దిమందితోనో కూర్చుని పరీక్షించడం. రసావేశంతో రాస్తున్నవాడికి మంచిచెడ్డలు వేరు చేసే చూపు ఉండదు కాబట్టి తర్వాత చూసుకోవాలని కారణం కూడా చెప్పాడు. సాయంత్రం చేయవలసిన పనులు ఆయన లెక్కలో నాలుగు: ఎక్కువైనది తీసేయడం, తక్కువైనది నింపడం, చోటు తప్పిన దాన్ని చోటులో పెట్టడం, రాసేటప్పుడు మరచిపోయిన దాన్ని గుర్తు తెచ్చుకుని అతకడం.